మా పాత కారునకు వచ్చిన జ్వరము

జ్వరము వచ్చిన మనుష్యుని నుదుట తడిగుడ్డ వేసినంతమాత్రమున రోగము కుదురదు. జ్వరమునకు మూలమేదో వెదకి దానికి మందు వేయవలెను. ఈ మాట మా అవ్వ నోట పలుమాఱులు వినియుంటిమి. అయినను దాని యర్థము మాకు నిజముగా తెలిసినది 2023వ సంవత్సరపు వేసవిలో, ఒక పాత కారు మూలముగా. ఆ వృత్తాంతమును మన పాఠశాల వార్షిక సంచికకు వ్రాయుడని మా సైన్సు మాస్టరుగారు సెలవిచ్చిరి. అన్నదమ్ములమగు మేమిద్దరము కూర్చుండి దీనిని వ్రాయుచున్నాము. ఇందు మాకు సంతోషము కలిగించు సంగతులు కొన్నియు, సిగ్గు కలిగించు సంగతి యొకటియు కలవు. ఆ యొక్కదానిని దాచినచో తక్కినవి వ్రాయుట వ్యర్థమని తలచి అన్నిటిని వ్రాయుచున్నాము.

మదనపల్లెలోని మా యింటి ప్రక్క రేకుల కొట్టములో మా తాతగారు 1966లో కొనిన అంబాసిడరు కారు ఉన్నది. ఈ కారు వంశవృక్షము చదువరులకు కొంత తెలియవలెను. ఇంగ్లండు దేశమున ఆక్సుఫర్డు నగరమునకు చేరువనున్న కౌలీ కర్మాగారములో తయారైన మోరిస్ ఆక్సుఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి, హిందుస్థాన్ మోటార్సు వారు బెంగాలులోని ఉత్తరపాడాలో దీనిని నిర్మించిరి. 1957లో మొదలైన ఈ నిర్మాణము 2014లో నిలిచిపోయినది. ఆ నడుమ కలెక్టరు మొదలు టాక్సీవాని వఱకు, మంత్రి మొదలు పల్లెటూరి వైద్యుని వఱకు దీనినెక్కనివారు అరుదు. మా కారు ఇంజనునకు నాలుగు సిలిండర్లు. వాని పరిమాణము 1489 ఘన సెంటీమీటర్లు. ఇంజను ముందర నిలువుటద్దము వలె రేడియేటరు నిలిచియుండును. ముందరి పలకపై నీటి వేడిమిని ఫారన్‌హీటు డిగ్రీలలో చూపు మీటరొకటి కలదు. దానిని మా తాతగారు వేఱుగా తెప్పించి అమర్పించిరి.

ఆయన కాలము నుండియు ఆ కారును నడిపినది ఒక్కరే. మేమాయనను డ్రైవరు తాత యని పిలుతుము. ఆయన మమ్ము “నాయనా” యని పిలుచును. మా తాతగారు గతించిన పిమ్మట కారు బయటకు వెడలుట తగ్గినను, ప్రతి ఆదివారము వచ్చి దుమ్ము దులిపి, ఇంజనును కొంతసేపు నడిపి పోవుట ఆయనకు వాడుక.

2023 మే నెలలో మా అవ్వకు హార్సిలీ కొండలు మఱల ఒక్కసారి చూడవలెనని కోరిక కలిగెను. ఆ కొండలు మా యూరికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, బి. కొత్తకోట మండలములో నున్నవి. పూర్వము వానిని ఏనుగు మల్లమ్మ కొండ యనిరి. పందొమ్మిదవ శతాబ్దములో కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర అక్కడ బంగళా కట్టించుకొనినందున ఈ పేరు వచ్చినది. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్నది. కొండపై భాగము 1200 మీటర్లకు మించినది. ఆ భేదమంతయు ఘాటు రోడ్డు మీదనే ఎక్కవలెను.

మా నాయనగారికి పనియుండుటచే అవ్వయు, మేమిద్దరమును, డ్రైవరు తాతయు బయలుదేరితిమి. ఆనాటి తెల్లవారుజామున ఆయన ఇత్తడి చెంబుతో రేడియేటరులో నీరు పోయుటను మేము కిటికీలోనుండి కన్నులార చూచితిమి. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

కొండ పాదము వఱకు మీటరు ముల్లు 180 దాటలేదు. ఘాటు మొదలైన పిమ్మట కారు రెండవ గేరులో మూలుగుచు ఎక్కసాగెను. ముల్లు 190 చూపెను. కొన్ని మలుపులు తిరుగునప్పటికి 200 చూపెను. ఇంకను కొంత దూరము పోవునప్పటికి 220 వద్ద వణకసాగెను. బానెట్టు సందులనుండి తెల్లని ఆవిరి వచ్చెను. డ్రైవరు తాత కారును ప్రక్కకు తీసి, చక్రములకు రాళ్లు పెట్టి, అవ్వను దూరముగా చెట్టునీడ కూర్చుండబెట్టుటకు పోయెను. “నేను వచ్చువఱకు దేనిని ముట్టకుడు” అని మాతో చెప్పియే పోయెను.

మేము ముట్టితిమి. నీరు తక్కువైనది కాబోలు, పోసినచో చాలునని మాకు తోచెను. మాలో చిన్నవాడు తువ్వాలు చుట్టి రేడియేటరు మూతను త్రిప్పెను. పెద్దవాడు నీళ్ల సీసా పట్టుకొని నిలిచెను. “వద్దు నాయనా!” అని డ్రైవరు తాత పరుగున వచ్చి చిన్నవానిని ప్రక్కకు త్రోసెను. అంతలో మూత ఎగిరిపడెను. కాగిన నీరును ఆవిరియు ఆయన కుడి ముంజేతిపై పడెను. ఆయన కేక వేయలేదు. పండ్లు బిగబట్టుకొని రోడ్డుమీద కూర్చుండెను.

ఇక్కడ సోదర విద్యార్థులకొక మాట చెప్పవలెను. రేడియేటరు మూత కేవలము మూత కాదు. అది వేడినీటిని ఒత్తిడిలో నుంచును. ఒత్తిడి ఒక చదరపు అంగుళమునకు ఒక పౌను పెరిగినచో నీరు కాగు వేడిమి సుమారు 3 ఫారన్‌హీటు డిగ్రీలు పెరుగును. అందుచే 212 దాటినను నీరు కాగక నిలువగలదు. మూత తీసిన క్షణమున ఆ ఒత్తిడి పోవును. అంతవఱకు అణగియున్న నీరంతయు ఒక్కమాఱుగా ఆవిరియై పైకి లేచును. కొండలపై ఈ ప్రమాదము మఱింత యెక్కువ. 1200 మీటర్ల యెత్తున, మూత లేని నీరు సుమారు 96 సెంటిగ్రేడు డిగ్రీలకే కాగును. కావున ఇంజను చల్లాఱువఱకు అర్ధగంటయైనను మూతపై చేయి వేయరాదు. కాగియున్న ఇంజనులో చన్నీళ్లు కుమ్మరింపనురాదు. పోత ఇనుము పగులవచ్చును.

ఆ సాయంకాలము డ్రైవరు తాత చేతికి ఆసుపత్రిలో కట్టు కట్టిరి. మా నాయనగారు వచ్చి, “ఎవరు మూత తీసిరి?” అని అడిగిరి.

“నేనే అయ్యా” అని డ్రైవరు తాత బదులు చెప్పెను.

“ఇన్నియేండ్లు బండి నడిపినవాడవు, కాగిన మూత తీయుదువా? ఉదయము నీరైనను చూచితివా?”

“చూచితినయ్యా. నిండుగా పోసితిని.”

మా నాయనగారు మా వైపు చూచిరి. నీరు పోయుట మేము చూచితిమి. ఆ మాట చెప్పవలసినది. కాని ఒకటి చెప్పినచో రెండవది కూడ బయటపడునని భయపడి తలలు వంచుకొంటిమి. మా మౌనమును మా నాయనగారు వేఱుగా అర్థము చేసికొనిరి. “వయసు మీఱినది, ఇక విశ్రాంతి తీసికొనుము” అని మెల్లగనే అనిరి. డ్రైవరు తాత ఎడమచేతితో తాళపుచెవులు తీసి బల్లమీద పెట్టి వెడలిపోయెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అయినను మఱునాడు చెప్పితిమా? చెప్పలేదు. ఒక దినము దాటిన నిజము మఱునాటికి ఇంకను బరువగునని అప్పుడు తెలిసికొంటిమి.

కారును మరమ్మతు షెడ్డునకు పంపిరి. అక్కడి మేస్త్రి థర్మోస్టాటును తీసివేసి, “ఇక వేడెక్కదు” అనెను. మా మేనమామగారు పది కిలోమీటర్లు వేగముగా నడిపిరి, వేడెక్కెను. రెండవ మేస్త్రి ఇంజను విప్పి బోరు చేయవలెననెను. దానికి చెప్పిన వెల కారు వెలకు సమీపముగా నుండెను. మా నాయనగారు విసిగి, పాత ఇనుము వర్తకునితో బేరమాడి, దసరా సెలవుల వఱకు గడువు పెట్టిరి. మా అవ్వ ఏమియు అనలేదు. కొట్టములోనికి పోయి కారు తలుపుపై చేయి వేసి నిలిచియుండుట మాత్రము చూచితిమి.

అప్పుడు మేము సైన్సు మాస్టరుగారి నాశ్రయించితిమి. వారు మోటారు పని నెఱుగరు. “కాని పరీక్షించు పద్ధతి ఎక్కడనైనను ఒక్కటియే. ఒకమాఱు ఒక్కదానినే మార్చుడు. ప్రతిదానిని వ్రాసికొనుడు. ఏది కాదో తెలిసిన దానిని కొట్టివేయుడు. మిగిలినదే దోషము” అని చెప్పిరి. ఒక నోటు పుస్తకమును, ప్రయోగశాలలోని థర్మామీటరొకదానిని ఇచ్చిరి. బండి నడుపవలసినప్పుడు మేనమామగారు నడుపుటకును, మేము వ్రాయుటకును ఏర్పాటయ్యెను.

మొదట ఇంజను ఏల వేడెక్కునో, ఎట్లు చల్లబడునో చదివితిమి. పెట్రోలు మండునప్పుడు సిలిండరులో వేడిమి రెండువేల సెంటిగ్రేడు డిగ్రీలకు మించును. పెట్రోలు ఇచ్చు శక్తిలో చక్రములకు చేరునది మూడవ వంతు కంటె తక్కువ. తక్కినదానిలో కొంత పొగతో పోవును. సుమారు మూడవ వంతు నీటికి చేరును. ఆ నీరు సిలిండర్ల చుట్టునున్న దొరువులలో తిరిగి, పై గొట్టము గుండ రేడియేటరునకు వచ్చి, అందలి సన్నని నాళములలో జాఱుచు గాలికి చల్లబడి, క్రింది గొట్టము గుండ మఱల ఇంజనునకు పోవును. నడుమ పంపు దానిని లాగి త్రోయుచుండును. పంపును ఫ్యానును ఒకే బెల్టు త్రిప్పును. కావున వేడెక్కుటకు హేతువులు మూడు విధములు: వేడిమి అధికముగా పుట్టుట, నీరు సరిగా తిరుగకుండుట, గాలి సరిగా తగులకుండుట.

ఇక మా పరీక్షలు. కారు క్రింద రాత్రియంతయు వార్తాపత్రికలు పఱచితిమి. ఉదయమున నీటి మచ్చ లేదు. అనగా బయటికి కారుట లేదు. బెల్టును బొటనవ్రేలితో నొక్కితిమి. అర అంగుళము మాత్రము వంగెను. అది సరియే. రేడియేటరు రేకుల నడుమ మిడుతలును, దుమ్మును చిక్కియుండెను. ఇంజను వైపునుండి బయటికి నీరు చిమ్మి కడిగితిమి. వేడిమిలో మార్పు లేదు.

పిమ్మట థర్మోస్టాటు. మేస్త్రి తీసి యొక డబ్బాలో పడవేసిన దానిని అడిగి తెచ్చితిమి. అది నీరు చల్లగా నున్నంతవఱకు మూసికొని, వేడెక్కిన పిమ్మట తెఱచుకొను చిన్న తలుపు. దానిని దారముతో కట్టి, గిన్నెలో నీరు పోసి, థర్మామీటరుతో కూడ వ్రేలాడదీసి పొయ్యిమీద పెట్టితిమి. దానిపై అచ్చొత్తిన అంకెకు సమీపముననే అది మెల్లగా నోరు తెఱచెను. పాపము, దానియందు దోషము లేదు! నిర్దోషిని తీసి పాఱవేసిరని మాలో ఒకడనెను. ఆ మాట విని ఇద్దరమును ఒకరి మొగమొకరు చూచికొని మఱేమియు మాటలాడలేదు.

తరువాత హెడ్డు గాస్కెట్టు. అది చెడినచో మండిన వాయువు నీటిలోనికి చొచ్చును. ఇంజను చల్లగా నున్నప్పుడు మూత తీసి, పిమ్మట ఇంజనును నడిపి, రేడియేటరు నోటిలో బుడగలు వచ్చునేమో యని చూచితిమి, రాలేదు. నూనె కొలుచు కడ్డీపై నీరు కలిసిన మజ్జిగ వంటి తెల్లదనము లేదు. కావున దానిని కూడ కొట్టివేసితిమి. నిప్పురవ్వ ఆలస్యముగా పడినచో ఇంజను వేడెక్కునని చదివి, మేనమామగారు ఆ కాలమును సరిచూపించిరి. అదియు సరిగనే యుండెను.

ఇంజను ప్రక్కన నీరు వదలు చిన్న కుళాయి కలదు. దానిని విప్పగా చుక్కయు రాలేదు. ఇనుప తీగతో పొడువగా ముందు తుప్పుబురద, పిమ్మట ఎఱ్ఱనీరు, చివరకు తేటనీరు వచ్చెను. రెండు గుప్పెళ్ల బురద నేలపై పడెను. మా సంతోషమునకు మేరలేదు. రోగము చిక్కినదని ఇంటిల్లపాదికి చెప్పితిమి. మఱునాడు బండి నడుపగా వేడిమి అయిదు డిగ్రీలు మాత్రము తగ్గెను. దీర్ఘముగా నడిపినచో ముల్లు యథాప్రకారము పైకి పోయెను. ఒక దోషము దొరకినంతమాత్రమున అదియే మనము వెదకు దోషమని తలపరాదని నోటు పుస్తకములో వ్రాసికొంటిమి.

ఆగస్టు నాటికి మా పుస్తకములో పదునాలుగు పుటలు నిండెను. కాని ఆ అంకెలకు అర్థము చెప్పువారు లేరైరి. ఎవరినడుగవలెనో మాకు తెలియును. అడుగుటకు మొగము లేదు. తుదకొక ఆదివారము ఉదయము ఇద్దరమును డ్రైవరు తాత యింటికి పోయితిమి. ఆయన అరుగుమీద కూర్చుండి ఎడమచేతితో వేరుసెనగ కాయలు ఒలుచుకొనుచుండెను. కుడి ముంజేతి చర్మము ముడుతలుపడి గులాబిరంగున మెఱయుచుండెను.

“తాతా, ఆనాడు మేము నిజము చెప్పలేదు” అని మొదలుపెట్టి పెద్దవాడు ఏడ్చెను. చిన్నవాడు తక్కినది చెప్పెను.

ఆయన కొంతసేపు ఊరకుండెను. “మూత సంగతి నేనే నా నెత్తిన వేసికొంటిని నాయనా. చిన్నవానికి దెబ్బలు తగులునని అట్లంటిని. దానికి నాకు బాధ లేదు. నీరు పోసితినన్న మాట మీ నాయన నమ్మలేదు చూడు, అదే ఈ చేతికంటె ఎక్కువ మండినది” అనెను. పిమ్మట, “అది సరే, బండి ఎట్లున్నది?” అని అడిగెను.

మేము నోటు పుస్తకము చదివితిమి. ఇంజను ఊరక తిరుగునప్పుడు 175. ఊరిలో మెల్లగా పోవునప్పుడు 180. సమనేలపై గంటకు 60 కిలోమీటర్ల వేగమున పది నిమిషములు పోయిన పిమ్మట 205. పై గేరులో 35 కిలోమీటర్ల వేగమున 180. అదే బాటపై, అదే వేగమున, రెండవ గేరులో 200. ఈ చివరి మాటకు ఆయన చేయి ఎత్తి, “ఆగుడు. మఱల చదువుడు” అనెను. చదివితిమి.

“బండి వేగమొక్కటియే. గాలియు ఒక్కటియే. గేరు మాత్రమే వేఱు. రెండవ గేరులో ఏమి హెచ్చును?”

“ఇంజను ఎక్కువ మాఱులు తిరుగును.”

“దానితోబాటు మఱేమి ఎక్కువగా తిరుగును?”

“పంపు.”

“పంపు వేగముగా తిరిగినప్పుడు నీరు ఎక్కువగా రావలెను గదా. రాలేదనగా దారిలో ఎవరో అడ్డుపడుచున్నారు. నెమ్మదిగా తిరిగినప్పుడు అడ్డులేదు; వేగముగా తిరిగినప్పుడే అడ్డు. క్రింది గొట్టము చూచితిరా?”

“చూచితిమి తాతా. చక్కగా గుండ్రముగా నున్నది.”

“ఎప్పుడు చూచితిరి?”

“బండి నిలిపిన తరువాత.”

ఆయన నవ్వెను. “నిలిపిన తరువాత చూచినచో అది చక్కగనే ఉండును. ఆనాడు ఘాటులో ఇంజను చప్పుడు మాఱుట విని నేను దానినే చూడవలెననుకొంటిని. ఇంతలో నీ చేయి మూతమీద కనబడెను. తక్కినదంతయు మఱచిపోతిని.”

మా తొందర ఆయన చేతినే కాక, ఆ దినముననే తెలియవలసిన నిజమును కూడ కాల్చినదని అప్పుడు గ్రహించితిమి.

ఆ సాయంకాలమే మా నాయనగారి యెదుట నిలిచి అంతయు చెప్పితిమి. వారు మమ్ము కొట్టలేదు, తిట్టలేదు. మా మాటలు ముగియువఱకు విని, లోనికి పోయి చొక్కా తొడుగుకొని, నడిచియే డ్రైవరు తాత యింటికి వెడలిరి. అక్కడ ఏమి మాటలాడుకొనిరో మాకు నేటికిని తెలియదు. ఒక గంటకు ఇద్దరును కలిసి వచ్చిరి.

కొట్టములో దీపములు వేసితిమి. చక్రములకు రాళ్లు పెట్టి, చేతి బ్రేకు బిగించి, గేరు తప్పించి, మేనమామగారు ఇంజను నడిపిరి. ముల్లు 180కి వచ్చినది. డ్రైవరు తాత మమ్ము ఫ్యానునకు దూరముగా ప్రక్కన నిలిపి, చేతులు వెనుకకు కట్టుకొనుడని చెప్పి, టార్చిలైటు వెలుతురును క్రింది గొట్టముపై వేసెను. “ఇప్పుడు తొక్కుడు” అనెను. మేనమామగారు ఆక్సిలరేటరు తొక్కిరి. ఇంజను హోరెత్తెను. మా కన్నుల యెదుట ఆ రబ్బరు గొట్టము, రసము పీల్చిన మామిడిపండు తొక్క వలె, లోపలికి ముడుచుకొని చప్పిడియయ్యెను. ఆక్సిలరేటరు వదలగానే ఏమియు ఎఱుగనట్లు మఱల ఉబ్బి గుండ్రమయ్యెను. మూడుమాఱులు తొక్కించి మూడుమాఱులు చూచితిమి. మూడునెలలు మేము వెదకిన దొంగ అదియే.

దాని కారణము మఱునాడు విప్పి చూడగా తెలిసినది. క్రింది గొట్టము పంపునకు పీల్చు వైపున నుండును. నూనె చుక్కలు పడిపడి దాని రబ్బరు మెత్తబడి నానిన తోలు వలె నుండెను. కొన్ని కార్లలో ఈ గొట్టము ముడుచుకొనకుండ లోపల తీగచుట్ట పెట్టుట కలదు. మా గొట్టములో లేదు. అది కారు కట్టినవారి తప్పు కాదు, ఎప్పుడో మేము చవకగా కొని వేయించినది. అంతటితో ముగియలేదు. “గొట్టము మెత్తనైనను, నీరు ధారాళముగా వచ్చుచున్నచో ఇంతగా ముడుచుకొనదు. పైనుండి రాకున్నది గనుకనే పంపు ఇంత గట్టిగా పీల్చుచున్నది” అని డ్రైవరు తాత రేడియేటరును విప్పించెను. పైనుండి బకెట్టెడు నీరు పోయగా క్రింద ధారగా రావలసినది సన్నగా కారెను.

రేడియేటర్లకు మాటు వేయు పనివాడు పై తొట్టిని ఊడదీసి చూపగా నాళముల నోళ్లు తెల్లని పొక్కుతో సగము పూడియుండెను. మా బోరుబావి నీటితో అన్నము వండు గిన్నెల అడుగునను ఆ పొక్కే కట్టును. నీటిలో కరగియున్న సున్నపు లవణములు కాచినప్పుడు విడివడి కాల్షియం కార్బొనేటుగా పేరుకొనునని మా పాఠములో కలదు. పరీక్షలో ఆ ప్రశ్నకు మాకు నిండు మార్కులు వచ్చియుండెను. కాని మా కారు కడుపులో అదే జరుగుచున్నదని ఒక్కనాడును తోచలేదు. పనివాడు ఒక్కొక్క నాళములో సన్నని కడ్డీ దూర్చి పొక్కును రాల్చి, తొట్టిని మఱల అతికెను. మంచి గొట్టము తెప్పించితిమి. థర్మోస్టాటును దాని స్థానమున దానిని పెట్టితిమి. బోరు నీరు మాని, తుప్పుపట్టనీయని మందు కలిపిన శుద్ధజలము పోసితిమి. అన్నిటికి అయిన ఖర్చు రెండవ మేస్త్రి చెప్పిన వెలలో పదియవ వంతు కూడ కాలేదు. పాత ఇనుము వర్తకుడు దసరాకు వచ్చి, మజ్జిగ త్రాగి వట్టిచేతులతో పోయెను.

డిసెంబరులో మఱల హార్సిలీ కొండలకు బయలుదేరితిమి. మా నాయనగారు తాళపుచెవులు డ్రైవరు తాత చేతిలో పెట్టిరి. ఆయన వానిని కొంతసేపు పట్టుకొని, “ఘాటులో ఎదుటి వెలుతురునకు కన్ను ఆగుట లేదయ్యా. చిన్నయ్యగారు నడుపుదురు. నేను ప్రక్కన కూర్చుందును” అని మేనమామగారికి ఇచ్చెను. ఘాటు మొదలయ్యెను. అవ్వ కిటికీలోనుండి కొండలను చూచుచుండెను. మేమిద్దరము ముల్లునే చూచుచుంటిమి. మేలో ఆగిన మలుపు వద్ద 185. పైకి చేరునప్పటికి 188. డ్రైవరు తాత మాత్రము మీటరు వైపు ఒక్కసారియు చూడలేదు; చెవి యొగ్గి ఇంజను చప్పుడు వినుచుండెను. పైన దిగిన పిమ్మట చిన్నవాడు బానెట్టు వైపు పోగా, ఆయన ఏమియు అనక తన కుడి ముంజేయి ఎత్తి చూపెను. అందఱును నవ్విరి. మేము నవ్వలేకపోతిమి.

సోదర విద్యార్థులారా! ఈ వ్యాసము చదివినవారి యిండ్లలో పాత కార్లు లేకపోవచ్చును. అయినను ఏదో యొకటి వేడెక్కుచునే యుండును. అప్పుడు మొదట కనబడినవానిని దోషి యనక, చల్లాఱువఱకు ఆగి, ఒక్కొక్కటిగా పరీక్షించి చూడుడు. నిలిచినప్పుడు నిక్షేపముగా నుండి, నడచినప్పుడే బయటపడు దోషములు కలవని మఱవకుడు. మా దోషమును అట్టిదే. సుఖముగా నున్నన్నాళ్లు మేము సత్యము చెప్పువారమే. భయము అనెడి పంపు గట్టిగా పీల్చినప్పుడే ముడుచుకొనిపోతిమి. గొట్టమును మార్చితిమి. మమ్ము మేము మార్చుకొనుటకు ప్రయత్నించుచున్నాము.

ఈ వ్యాసమును అచ్చునకు పంపుటకు ముందు డ్రైవరు తాతకు చదివి వినిపించితిమి. ఆయన అంతయు విని, “బెల్టు సంగతి సరిగా వ్రాసితిరి” అని మాత్రము అనెను.